పెర్ఫార్మెన్స్ కారు ఇంజన్‌కు తగిన ఆయిల్ ఎంపిక: స్నిగ్ధత, ప్రమాణాలు, వినియోగ సందర్భం

వ్యాస సంగ్రహం

అధిక వేగం, అధిక భారం, అధిక ఉష్ణోగ్రతల నడుమ పనిచేసే ఇంజన్‌కు ఆయిల్‌ను డబ్బా మీద కనిపించే ఒక్క సంఖ్యను బట్టి ఎంచుకోవడం సాధ్యం కాదు. “చిక్కని ఆయిల్ ఇంజన్‌కు రక్ష” అన్న పాత నమ్మకం, “పలుచని ఆయిలే ఆధునికం” అన్న కొత్త నమ్మకం రెండూ అసంపూర్ణమైనవి. బేరింగ్‌లో ఆయిల్ పొర ఏర్పడే విధానం, ఎస్.ఏ.ఇ. జె300 వర్గీకరణ, మూల తైలాల స్వభావం, సంకలితాల పాత్ర ఈ వ్యాసంలో వివరింపబడ్డాయి. ఫోర్డ్, షెవర్లే, బి.ఎం.డబ్ల్యూ. సంస్థల ఇంజన్లను ఉదాహరణలుగా తీసుకొని, సరైన ఆయిల్ అనేది ఇంజన్ నిర్మాణం, వాడకం, ఉష్ణోగ్రత అనే మూడింటి కలయికను బట్టి నిర్ణయమవుతుందని ఈ వ్యాసం నిరూపిస్తుంది. తెలుగు రాష్ట్రాల వేసవి, ఇథనాల్ కలిసిన పెట్రోలు ఈ ఎంపికపై చూపే ప్రభావం కూడా పరిశీలించబడింది.

కీలక పదాలు: కందెన, స్నిగ్ధత, విరూపణ రేటు, బేరింగ్, మూల తైలం, సంకలితాలు, ఎస్.ఏ.ఇ. జె300, ఇథనాల్.

1. ప్రవేశిక

“కందెన వేయని బండికి కావలసినంత సంగీతం” అని తెలుగు సామెత. ఎడ్లబండి ఇరుసు కిర్రుమన్నప్పుడు బండి నడిపేవాడికి లోపం చెవికి వినిపిస్తుంది; ఆముదంతోనో మరో జిడ్డు పదార్థంతోనో దానిని సరిచేయడానికి వ్యవధి ఉంటుంది. నిమిషానికి 8000 సార్లు తిరిగే క్రాంక్ షాఫ్టు విషయంలో అంత వ్యవధి ఉండదు. కనెక్టింగ్ రాడ్ బేరింగ్‌లో ఆయిల్ పొర తెగితే లోహం లోహాన్ని తాకుతుంది. కొన్ని సెకన్లలోనే బేరింగ్ షాఫ్టుకు అతుక్కుపోవచ్చు, రాడ్ విరిగి ఇంజన్ దిమ్మెను చీల్చుకొని బయటికి రావచ్చు. కొన్ని వేల రూపాయల ద్రవం ఎంపికలో జరిగిన పొరపాటుకు మూల్యం అనేక లక్షల రూపాయల ఇంజన్ అవుతుంది.

ఇంత ప్రాముఖ్యం ఉన్న ఈ ఎంపిక సాధారణంగా అలవాటు, ప్రకటన, మెకానిక్ మాట అనే మూడింటిపై ఆధారపడి జరుగుతున్నది. ఇంజనీరింగ్ కళాశాలల్లో ద్రవగతిశాస్త్రం, యంత్ర రూపకల్పన, రసాయనశాస్త్రం వేర్వేరు పాఠ్యాంశాలుగా ఉండడం వల్ల ఈ మూడూ కలిసే చోటు విద్యార్థి దృష్టికి రావడం లేదు. ఆ మూడింటినీ ఒకే చోట అనుసంధానించి, ఎంపికకు హేతుబద్ధమైన క్రమాన్ని సూచించడం ఈ వ్యాస లక్ష్యం.

2. పరిభాష: సాంద్రత, చిక్కదనం, స్నిగ్ధత

తెలుగు వ్యవహారంలో ఆయిల్‌ను “చిక్కన”, “పలుచన” అనే మాటలతో వర్ణిస్తారు. పాలు, చారు, గంజి విషయంలో చిక్కదనం అంటే అందులోని పదార్థం మోతాదు. నీళ్ళు కలిపితే పాలు పలుచబడతాయి. ఆయిల్ చిక్కదనం ఇటువంటిది కాదు. ఇంజన్ ఆయిల్ నీటికంటే తేలికైనది, నీటి మీద తేలుతుంది. అయినా నీటికంటే ఎంతో నెమ్మదిగా పారుతుంది. అంటే దాని సాంద్రత తక్కువ, స్నిగ్ధత ఎక్కువ. ద్రవంలోని పొరలు ఒకదానిపై ఒకటి జారేటప్పుడు కలిగే అంతర్గత నిరోధమే స్నిగ్ధత.

ఈ భేదం కేవలం పదాలకు సంబంధించినది కాదు. చిక్కదనం అనగానే అది పదార్థానికి ఉన్న స్థిరమైన గుణమన్న భావన కలుగుతుంది. స్నిగ్ధత మాత్రం ఉష్ణోగ్రతతో మారుతుంది, పీడనంతో మారుతుంది, పాలిమర్లు కలిసిన ఆయిల్‌లో విరూపణ రేటుతో కూడా మారుతుంది. ఒకే ఆయిల్ తెల్లవారుజామున ఇంజన్ స్టార్టు చేసేటప్పుడు ఒక ద్రవం. రేస్ ట్రాక్‌పై పదో చుట్టులో మరో ద్రవం. అందువల్ల “ఈ ఆయిల్ ఎంత చిక్కన?” అన్న ప్రశ్నకు “ఏ ఉష్ణోగ్రత వద్ద, ఎంత విరూపణ రేటు వద్ద?” అన్న ఎదురు ప్రశ్నే శాస్త్రీయమైన సమాధానం.

3. బేరింగ్‌లో ఆయిల్ పొర

1880 దశకంలో ఇంగ్లండులో బోషాం టవర్ బేరింగుల ఘర్షణపై ప్రయోగాలు చేశాడు. కందెన పోయడానికి బేరింగ్ పై భాగంలో వేసిన రంధ్రం గుండా ఆయిల్ లోపలికి పోవడానికి బదులు బయటికి ఉబికి వచ్చింది. రంధ్రాన్ని బిరడాతో మూసినా లోపలి పీడనం దానిని బయటికి నెట్టివేసింది. తిరిగే షాఫ్టు తనంత తానే ఆయిల్‌ను ఇరుకు సందులోకి లాగి, తన భారాన్ని మోయగల పీడనాన్ని సృష్టించుకుంటున్నదని దీనివల్ల తేలింది. 1886లో ఆస్బర్న్ రెనాల్డ్స్ ఈ దృగ్విషయానికి గణిత సమీకరణాన్ని ఇచ్చాడు. 1902లో జర్మనీకి చెందిన రిచర్డ్ స్ట్రైబెక్ ఘర్షణ గుణకానికి, వేగ భారాలకు మధ్య సంబంధాన్ని ప్రయోగపూర్వకంగా చూపాడు. ఆయన పేరుతో ప్రసిద్ధమైన వక్రరేఖ నేటికీ కందెన శాస్త్రానికి పునాది.

ఆ వక్రరేఖ మూడు స్థితులను సూచిస్తుంది. మొదటిది సరిహద్దు స్థితి. ఇక్కడ లోహాల ఎగుడుదిగుళ్ళు ఒకదానినొకటి తాకుతాయి, రక్షణ అంతా రసాయనిక పూత వల్లనే లభిస్తుంది. రెండవది మిశ్రమ స్థితి. మూడవది ద్రవగతిక స్థితి. ఇక్కడ పూర్తి ఆయిల్ పొర లోహాలను వేరు చేస్తుంది. ఇంజన్‌లో ఈ మూడు స్థితులూ ఒకేసారి ఉంటాయి. క్రాంక్ షాఫ్టు బేరింగులు నడకలో ఎక్కువగా ద్రవగతిక స్థితిలో ఉంటాయి. పిస్టన్ తన ప్రయాణం చివర క్షణకాలం ఆగి వెనక్కి మళ్ళే చోట రింగులు మిశ్రమ స్థితిలోకి జారుతాయి. కామ్ షాఫ్టు కొనలు, వాటిని తాకే టాపెట్లు సరిహద్దు స్థితికి దగ్గరగా పనిచేస్తాయి. ఒకే ఆయిల్ ఈ మూడు బాధ్యతలనూ మోయాలి. ఎంపికలోని చిక్కు అంతా ఇక్కడే ఉంది.

బేరింగ్‌లో పొర మందం స్నిగ్ధత, వేగాలతో పెరుగుతుంది, భారంతో తగ్గుతుంది. కనుక అతి తక్కువ వేగంలో అతి ఎక్కువ భారం పడినప్పుడు పొర పలుచబడుతుంది. ఆధునిక టర్బో ఇంజన్లు నిమిషానికి 1500–2000 భ్రమణాల వద్దనే పూర్తి టార్కును అందిస్తున్నాయి. అందువల్ల బేరింగుకు ప్రమాదం గరిష్ఠ వేగంలోనే ఉంటుందన్న అభిప్రాయం సగం సత్యమే.

గరిష్ఠ వేగంలో సమస్య వేరు. 50 మిల్లీమీటర్ల వ్యాసం గల జర్నల్ నిమిషానికి 8000 భ్రమణాలు చేస్తే దాని ఉపరితల వేగం సెకనుకు దాదాపు 21 మీటర్లు. షాఫ్టుకూ బేరింగుకూ మధ్య ఒక్కో వైపు 0.025 మిల్లీమీటర్ల ఖాళీ ఉన్నదనుకుంటే విరూపణ రేటు సెకనుకు 8 లక్షలు దాటుతుంది. పొర అత్యంత ఇరుకుగా ఉండే చోట అది ఇంకా ఎక్కువ. ఆయిల్ స్నిగ్ధతను 150 డిగ్రీల సెల్సియస్ వద్ద, సెకనుకు 10 లక్షల విరూపణ రేటు వద్ద కొలిచే పరీక్ష ఎందుకు ఏర్పడిందో ఈ చిన్న లెక్కే చెబుతుంది. ఆ పరీక్షను వాడుకలో ‘హెచ్.టి.హెచ్.ఎస్.’ అంటారు. పెర్ఫార్మెన్స్ ఇంజన్‌కు సంబంధించినంత వరకు ఆయిల్ వివరాలలో అన్నిటికంటే ముందు చూడవలసిన అంకె ఇదే.

మరో అంశం కూడా గమనింపదగినది. పొరలో ఘర్షణ వల్ల పుట్టే వేడి స్నిగ్ధతతోనూ, వేగపు వర్గంతోనూ పెరుగుతుంది. స్నిగ్ధత ఎక్కువైన ఆయిల్ తనను పలుచబరిచే వేడిని తానే పుట్టించుకుంటుంది. అందువల్ల తరగతి పెంచినప్పుడు ఆశించిన రక్షణలో కొంత భాగం వేడి రూపంలో హరించుకుపోతుంది.

4. డబ్బా మీది సంఖ్యల అర్థం

అమెరికాకు చెందిన ఎస్.ఏ.ఇ. సంస్థ 1911లో ఇంజన్ ఆయిళ్ళ వర్గీకరణను మొదలుపెట్టింది. అనేక సవరణల తరువాత నేడు అది జె300 ప్రమాణంగా అమలులో ఉంది. ‘5డబ్ల్యూ-40’ అనే గుర్తులో ‘డబ్ల్యూ’ అక్షరం శీతాకాలాన్ని సూచిస్తుంది. దాని ముందున్న సంఖ్య చలిలో ఇంజన్ ఎంత సులభంగా తిరుగుతుందో, ఆయిల్ పంపు దాకా ఎంత సులభంగా పారుతుందో చెబుతుంది. తరువాతి సంఖ్య వేడిలో స్నిగ్ధతకు సంబంధించినది. ఈ రెండు సంఖ్యలూ డిగ్రీలు కావు, స్నిగ్ధత విలువలూ కావు. అవి తరగతుల పేర్లు మాత్రమే.

100 డిగ్రీల వద్ద శుద్ధగతిక స్నిగ్ధత సెంటీస్టోకులలోనూ, 150 డిగ్రీల వద్ద హెచ్.టి.హెచ్.ఎస్. కనీస విలువ సెంటీపాయిజ్‌లలోనూ ఈ విధంగా ఉంటాయి:

20 తరగతి: 6.9 నుంచి 9.3 లోపు, కనీసం 2.6
30 తరగతి: 9.3 నుంచి 12.5 లోపు, కనీసం 2.9
40 తరగతి: 12.5 నుంచి 16.3 లోపు, 0డబ్ల్యూ, 5డబ్ల్యూ, 10డబ్ల్యూలతో కూడినవాటికి కనీసం 3.5, మిగిలినవాటికి 3.7
50 తరగతి: 16.3 నుంచి 21.9 లోపు, కనీసం 3.7
60 తరగతి: 21.9 నుంచి 26.1 లోపు, కనీసం 3.7

ఈ పట్టిక నుంచి రెండు నిర్ధారణలు వస్తాయి. మొదటిది: 50, 60 తరగతుల మధ్య హెచ్.టి.హెచ్.ఎస్. కనీస విలువలో తేడా లేదు. 60 తరగతి ఆయిళ్ళలో వాస్తవ విలువ ఈ కనీసం కంటే చాలా ఎక్కువే ఉంటుంది గాని, తరగతి పేరు ఒక్కటే దానికి హామీ ఇవ్వదు. రెండవది: ఒకే తరగతికి చెందిన రెండు ఆయిళ్ళు భిన్నంగా ఉండవచ్చు. ఐరోపా తయారీదారుల సంఘం ‘ఏసియా’ నిర్దేశించిన ఏ5/బి5 శ్రేణిలోని 5డబ్ల్యూ-30 ఆయిల్‌కు హెచ్.టి.హెచ్.ఎస్. విలువ 2.9 నుంచి 3.5 మధ్య ఉంటుంది. సి3 శ్రేణిలోని 5డబ్ల్యూ-30కి అది 3.5 గాని అంతకంటే ఎక్కువ గాని ఉండాలి. డబ్బా ముఖాన రెండింటికీ ఒకే గుర్తు. వెనుక చిన్న అక్షరాలతో ముద్రించిన ప్రమాణాలను చదవనివారికి ఈ భేదం తెలియదు.

చలి వైపు సంఖ్య విషయంలో తెలుగు ప్రాంతాల పాఠకులు అనవసరంగా ఆందోళన పడవలసిన పని లేదు. 10డబ్ల్యూ ఆయిల్‌ను పంపు లాగగలదా అన్న పరీక్ష సున్నాకు దిగువన 30 డిగ్రీల వద్ద జరుగుతుంది. ఆదిలాబాద్ చలికాలం గాని, లంబసింగి ఉదయం గాని ఆ దరిదాపులకు పోవు. అయినప్పటికీ చల్లని ఇంజన్‌లో ఏ ఆయిల్ అయినా కావలసినదానికంటే ఎక్కువ స్నిగ్ధతతోనే ఉంటుందన్నది మరువరాదు. 40 డిగ్రీల వద్ద 10డబ్ల్యూ-60 ఆయిల్ స్నిగ్ధత 0డబ్ల్యూ-40 ఆయిల్ కంటే దాదాపు రెట్టింపు. అటువంటి ఆయిల్‌తో ఇంజన్ వేడెక్కకముందే వేగం పెంచితే పంపులోని రక్షణ కవాటం తెరుచుకొని, బేరింగులకు చేరవలసిన ఆయిల్‌లో కొంత భాగం వెనక్కి మళ్ళుతుంది. మీటరులో పీడనం అధికంగా కనిపిస్తుంది. ప్రవాహం మాత్రం తక్కువగా ఉంటుంది. పీడనం ప్రవాహానికి కలిగే నిరోధాన్ని సూచిస్తుందే తప్ప పొర మందాన్ని కాదు.

5. మూల తైలాలు: ఆముదం నుంచి ఎస్టర్ల వరకు

ఇంజన్ ఆయిల్‌లో అధిక భాగం మూల తైలం, మిగిలినది సంకలితాలు. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ మూల తైలాలను ఐదు వర్గాలుగా విభజించింది. మొదటి మూడు ముడి చమురు నుంచి వచ్చేవి. సంతృప్త హైడ్రోకార్బన్ల శాతం, గంధకం, స్నిగ్ధతా సూచిక వీటి మధ్య హద్దులు. మూడవ వర్గానికి స్నిగ్ధతా సూచిక 120 గాని, అంతకు మించి గాని ఉండాలి. నాలుగవ వర్గం పాలీ ఆల్ఫా ఓలిఫిన్లు. ఎస్టర్లు సహా మిగిలినవన్నీ ఐదవ వర్గం.

ఎస్టర్ల చరిత్ర తెలుగువారికి చిరపరిచితమైన ఆముదంతో ముడిపడి ఉంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల మెట్ట పొలాల్లో దీర్ఘకాలంగా పండుతున్న ఆముదపు గింజల నూనె తొలినాటి రేసు కార్లకు, విమానాలకు కందెనగా ఉపయోగపడింది. ‘క్యాస్ట్రాల్’ అన్న వ్యాపారనామమే ఆముదానికి ఉన్న ఆంగ్ల నామం నుంచి పుట్టింది. ఆముదంలోని రిసినోలిక్ ఆమ్లపు ఎస్టర్ అణువులకు ధ్రువ స్వభావం ఉంది. అవి లోహపు ఉపరితలాన్ని అంటిపెట్టుకొని ఉంటాయి. ఆముదం పెట్రోలులో సులభంగా కరగదు కనుక మొదటి ప్రపంచ యుద్ధ కాలపు రోటరీ విమాన ఇంజన్లలో అది ఎంతో అనుకూలమైంది. అయితే వేడికి ఆక్సీకరణం చెంది జిగురుగా, వార్నిష్‌గా మారడం దాని ప్రధాన లోపం. లోహాన్ని అంటిపెట్టుకొనే గుణాన్ని నిలుపుకొంటూ ఈ లోపాన్ని తొలగించేందుకు రూపొందినవే కృత్రిమ ఎస్టర్లు. నేడు జెట్ ఇంజన్లకూ, కొన్ని రేసింగ్ ఆయిళ్ళకూ ఇవే ఆధారం.

మూల తైలం నాణ్యత పెర్ఫార్మెన్స్ ఇంజన్‌కు మూడు విధాల ముఖ్యం. అధిక ఉష్ణోగ్రతలో ఆవిరై పోకుండా నిలవడం మొదటిది. 250 డిగ్రీల వద్ద గంటసేపు ఉంచి ఎంత శాతం ఆవిరైందో కొలిచే నోయాక్ పరీక్ష దీనిని చెబుతుంది. ఆక్సీకరణాన్ని తట్టుకోవడం రెండవది. టర్బో చార్జర్ బేరింగ్ వద్ద ఇది నిర్ణాయకం. పాలిమర్ సాయం తక్కువగా తీసుకొని విస్తృత ఉష్ణోగ్రతా పరిధిని అందుకోవడం మూడవది.

6. సంకలితాలు: మేలు, దాని మూల్యం

వేడిలో స్నిగ్ధత బాగా పడిపోకుండా ఆయిల్‌లో పొడవైన పాలిమర్ అణువులను కలుపుతారు. ఇవి తీవ్ర విరూపణకు గురైనప్పుడు ప్రవాహ దిశలో సాగి, స్నిగ్ధతను తాత్కాలికంగా కోల్పోతాయి. కాలక్రమేణా తెగిపోయి శాశ్వతంగానూ కోల్పోతాయి. కొత్తగా పోసిన 40 తరగతి ఆయిల్ కొన్ని వేల కిలోమీటర్ల తరువాత 30 తరగతికి దిగజారడానికి ఇదొక కారణం. రెండు సంఖ్యల మధ్య ఎడం ఎక్కువ ఉన్న ఆయిల్‌ను ఎంచుకొనేటప్పుడు మూల తైలం ఏదన్న ప్రశ్న అందుకే కీలకం.

సరిహద్దు స్థితిలో రక్షణ ఇచ్చే ప్రధాన సంకలితం జింక్ డయల్కైల్ డైథయోఫాస్ఫేట్. వేడి, ఒత్తిడి ఉన్న చోట ఇది లోహంపై గాజు వంటి ఫాస్ఫేట్ పూతను ఏర్పరుస్తుంది. కానీ ఇందులోని భాస్వరం పొగగొట్టంలోని ఉత్ప్రేరక పరికరాన్ని విషపూరితం చేస్తుంది. అందువల్ల ఇల్సాక్ ప్రమాణాల కింద వచ్చే ఆయిళ్ళలో భాస్వరం 0.06 నుంచి 0.08 శాతం మధ్యకు పరిమితమైంది. రోలర్లు లేని పాతకాలపు కామ్ షాఫ్టు గల ఇంజన్లకు ఇది చాలకపోవచ్చు. ఉత్ప్రేరక పరికరం ఉన్న కొత్త కారులో అంతకంటే ఎక్కువ భాస్వరం గల రేసింగ్ ఆయిల్ నష్టం చేయవచ్చు. ఒకరికి మందు మరొకరికి విషం కావడం ఇక్కడ అక్షరసత్యం.

నేరుగా సిలిండర్‌లోకి పెట్రోలు చిమ్మే టర్బో ఇంజన్లలో మరో సమస్య తలెత్తింది. తక్కువ వేగంలో ఎక్కువ టార్కు కోరినప్పుడు స్పార్కుకు ముందే మిశ్రమం అంటుకొని పిస్టన్‌ను పగులగొట్టగల పీడనాన్ని సృష్టిస్తుంది. ఆయిల్ బిందువులు ఇందుకు బీజాలుగా పనిచేస్తాయని, శుద్ధి సంకలితాలలోని కాల్షియం దీనిని ప్రేరేపిస్తుందని, మెగ్నీషియం అలా చేయదని పరిశోధనలు తేల్చాయి. 2020 మేలో అమలులోకి వచ్చిన ఏ.పి.ఐ. ఎస్‌పి ప్రమాణంలో ఈ ముందస్తు జ్వలనానికి పరీక్ష ఉంది. టైమింగ్ చెయిన్ అరుగుదలకు ప్రత్యేక పరీక్ష కూడా చేరింది. ఇటువంటి ఇంజన్‌లో పాత ప్రమాణపు ఆయిల్ ఎంత స్నిగ్ధమైనదైనా సురక్షితం కాదు. ఇక్కడ ప్రమాదం పొర మందానికి కాక రసాయన కూర్పుకు సంబంధించినది.

7. మూడు ఉదాహరణలు

7.1 ఫోర్డ్ మస్టాంగ్: 2011 నుంచి మస్టాంగ్ జి.టి.లో వచ్చిన 5 లీటర్ల వి8 ఇంజన్‌కు ఫోర్డ్ అమెరికాలో 5డబ్ల్యూ-20 ఆయిల్‌ను నిర్దేశించింది. అదే ఇంజన్ కుటుంబానికి చెంది, ట్రాక్ వినియోగం కోసం నిమిషానికి 7500 భ్రమణాలకు సిద్ధపరచిన 2012–13 బాస్ 302కు 5డబ్ల్యూ-50 నిర్దేశించింది. 100 డిగ్రీల వద్ద ఈ రెండు తరగతుల స్నిగ్ధత మధ్య తేడా దాదాపు రెట్టింపు కంటే ఎక్కువ. రోడ్డు మీద ఇంధన పొదుపు లక్ష్యం. ట్రాక్ మీద ఆయిల్ ఉష్ణోగ్రత శత్రువు. లక్ష్యం మారింది కాబట్టి ఆయిల్ మారింది.

7.2 షెవర్లే కార్వెట్: ఏడవ తరం కార్వెట్‌కు తయారీదారు రోజువారీ వాడకానికి 5డబ్ల్యూ-30, ట్రాక్ వినియోగానికి 15డబ్ల్యూ-50 సూచించాడు. ఇక్కడ ఇంజన్ కూడా మారలేదు. ఒకే కారు, రెండు సందర్భాలు. 2019లో ఈ రెండు అవసరాలనూ ఒకే 0డబ్ల్యూ-40 ఆయిల్‌తో తీర్చే విధానానికి సంస్థ మారింది. ట్రాక్ నుంచి వచ్చాక ఆయిల్ మార్చడం యజమానులకు భారమన్నది ఒకటైతే, మెరుగైన మూల తైలాలు విస్తృత పరిధిని సాధ్యం చేశాయన్నది మరొకటి.

7.3 బి.ఎం.డబ్ల్యూ. ఎం శ్రేణి: ఈ సంస్థ అధిక వేగంతో తిరిగే ఎస్54, ఎస్85, ఎస్65 ఇంజన్లకు 10డబ్ల్యూ-60ను నిర్దేశించింది. వీటిలో ఎస్65 నిమిషానికి 8400 భ్రమణాల దాకా వెళ్తుంది. ఎస్85, ఎస్65 ఇంజన్లలో కనెక్టింగ్ రాడ్ బేరింగుల అకాల అరుగుదల యజమానుల్లోనూ, ఇంజన్ నిర్మాతల్లోనూ విస్తృత చర్చకు దారితీసింది. జర్నల్ వ్యాసంలో ప్రతి అంగుళానికి 0.001 అంగుళం ఖాళీ ఉండాలన్నది ఇంజన్ నిర్మాతల్లో ప్రచారంలో ఉన్న సాధారణ సూత్రం. ఈ ఇంజన్లలో ఖాళీ అంతకంటే ఇరుకుగా ఉన్నదని, అంత ఇరుకు సందుకు 60 తరగతి ఆయిల్, ముఖ్యంగా చల్లగా ఉన్నప్పుడు, తగినది కాదని ఒక వాదన. వేడిలో, గరిష్ఠ వేగంలో ఆ స్నిగ్ధతే బేరింగులను నిలబెట్టిందని ప్రతివాదన. మధ్యలో బేరింగ్ పదార్థం కూడా మారడంతో ఒకే కారణాన్ని వేరుచేసి చూపడం కష్టమైంది. తరువాత వచ్చిన ఎస్55 టర్బో ఇంజన్‌కు సంస్థ 10డబ్ల్యూ-60ను వదిలి లాంగ్‌లైఫ్-01 ప్రమాణంలోని 30, 40 తరగతుల వైపు మళ్ళింది. ఆ ప్రమాణానికి హెచ్.టి.హెచ్.ఎస్. 3.5కు తగ్గకూడదు. అంటే తరగతి తగ్గినా బేరింగ్ పొరకు కావలసిన కనీస హామీని సంస్థ వదులుకోలేదు.

ఈ మూడు ఉదాహరణల సారాంశం ఒకటే. బ్రాండును బట్టి, కారు ఖరీదును బట్టి, అశ్వశక్తిని బట్టి ఆయిల్ నిర్ణయం కావడం లేదు. బేరింగ్ ఖాళీ, ఆయిల్ చేరే ఉష్ణోగ్రత, వాడక సందర్భం కలిసి దానిని నిర్ణయిస్తున్నాయి.

8. తెలుగు రాష్ట్రాల వేసవి, ఇథనాల్ పెట్రోలు

రామగుండం, కొత్తగూడెం వంటి చోట్ల వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరుతుంది. “మన ఎండకు చిక్కని ఆయిలే కావాలి” అన్న మాట ఈ అనుభవం నుంచి వచ్చింది. ఇందులో కొంత సవరణ అవసరం. శీతలీకరణ వ్యవస్థలోని థర్మోస్టాట్ ఇంజన్ నీటిని దాదాపు 90 డిగ్రీల వద్ద నిలుపుతుంది కనుక సాధారణ ప్రయాణంలో బయటి ఎండ ఆయిల్ ఉష్ణోగ్రతను స్వల్పంగానే మారుస్తుంది. దీర్ఘకాలం పూర్తి శక్తితో నడిపినప్పుడు మాత్రం పరిస్థితి వేరు. గాలితో చల్లబడే ఆయిల్ కూలర్ వెలువరించగల వేడి, ఆయిల్‌కూ గాలికీ మధ్య ఉన్న ఉష్ణోగ్రతా భేదంపై ఆధారపడుతుంది. అదే వేడిని వెలువరించాలంటే గాలి 20 డిగ్రీలు పెరిగినప్పుడు ఆయిల్ కూడా దాదాపు అంతే పెరగాలి. అందువల్ల ఎండను బట్టి తరగతి పెంచవలసిన అవసరం ట్రాక్ వినియోగదారుడికి నిజమైనది. హైదరాబాద్ బాహ్యవలయ రహదారిపై పరిమిత వేగంతో ప్రయాణించేవారికి అది నామమాత్రం.

నగరపు రద్దీలో ఎదురయ్యే సమస్య ఇందుకు భిన్నమైనది. నేరుగా ఇంధనం చిమ్మే ఇంజన్లలో కొంత పెట్రోలు సిలిండర్ గోడల మీదుగా ఆయిల్‌లోకి దిగుతుంది. రెండు మూడు కిలోమీటర్ల చిన్న ప్రయాణాలలో ఆయిల్ తగినంత వేడెక్కక ఆ పెట్రోలు ఆవిరి కాదు, స్నిగ్ధత పడిపోతుంది. 2025 నాటికి దేశంలో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు సాధారణమైంది. ఇథనాల్ 78 డిగ్రీల వద్ద మరుగుతుంది కాబట్టి బాగా వేడెక్కిన ఆయిల్‌లో నిలవదు. చల్లని ఆయిల్‌లో మాత్రం నీటితో కలిసి తెల్లని మడ్డిగా ఏర్పడే అవకాశం ఉంది. ఇల్సాక్ జి.ఎఫ్-5 నుంచి ఆయిల్, నీరు, ఇథనాల్ ఇంధనం కలిసిన మిశ్రమం విడిపోకుండా నిలుస్తుందా అన్న పరీక్ష చేర్చడానికి కారణం ఇదే. కనుక నగరంలో చిన్న ప్రయాణాలు చేసే శక్తిమంతమైన కారుకు కావలసినది తరగతి పెంపు కాదు. మార్పు గడువు తగ్గింపు, వారానికొకసారైనా ఇంజన్ పూర్తిగా వేడెక్కే దూరం నడపడం.

9. ఎంపిక క్రమం

పై చర్చను అనుసరించి ఎంపికను ఈ క్రమంలో చేయడం సమంజసం.

మొదటిది, యజమాని పుస్తకంలో తయారీదారు పేర్కొన్న ఆమోద సంఖ్యను చూడాలి. పోర్షా ఏ40, ఫోక్స్‌వాగన్ 504 00 వంటివి తరగతి కంటే ఎక్కువ సమాచారాన్ని ఇస్తాయి. ఒకే సంస్థలోనూ ఇవి పరస్పరం మార్చుకోదగినవి కావు. ఫోక్స్‌వాగన్ 508 00 ఆయిల్‌ను 504 00 నిర్దేశించిన పాత ఇంజన్‌లో పోయరాదు. పొరపాటు జరగకుండా దానికి పచ్చని రంగు వేస్తారు.

రెండవది, వాడక సందర్భాన్ని నిజాయితీగా అంచనా వేయాలి. ఏడాదికొకసారి ట్రాక్‌కు వెళ్ళే కారు రేసు కారు కాదు. చెన్నై సమీపంలోని ఇరుంగట్టుకోట్టై వంటి ట్రాక్‌లపై తరచుగా పాల్గొనే కారుకు ఆయిల్ ఉష్ణోగ్రత మీటరు తప్పనిసరి. ఉష్ణోగ్రత తెలియకుండా తరగతి మార్చడం గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

మూడవది, హెచ్.టి.హెచ్.ఎస్. విలువను సాంకేతిక పత్రంలో చూడాలి. తయారీదారు రెండు తరగతులను అనుమతించిన చోట, ట్రాక్ వినియోగానికి 3.5 గాని అంతకు మించి గాని ఉన్నదానిని ఎంచుకోవాలి.

నాలుగవది, టర్బో, ప్రత్యక్ష ఇంధన ప్రసారం ఉన్న ఇంజన్‌కు ముందస్తు జ్వలన పరీక్ష నెగ్గిన ఆయిల్ అవసరం. పొగగొట్టంలో కణ వడపోత ఉన్నట్లయితే బూడిద తక్కువగా ఉండే ‘సి’ శ్రేణి ఆయిల్ కావాలి. సి3లో బూడిద పరిమితి 0.8 శాతం, ఏ3/బి4లో అది 1.6 శాతం దాకా ఉండవచ్చు.

అయిదవది, వాడిన ఆయిల్‌ను ప్రయోగశాలలో పరీక్షించి ఎంపికను సరిచూసుకోవాలి. స్నిగ్ధత, ఇంధన శాతం, ఇనుము, రాగి, సీసం వంటి లోహాల మోతాదు కాలక్రమంలో ఎలా మారుతున్నదో గమనించాలి. ఈ పరీక్ష కొన్ని మైక్రాన్ల లోపు కణాలనే లెక్కిస్తుంది కనుక పెద్ద లోహపు పెళ్ళలను పట్టుకోలేదు. అందుచేత ఫిల్టరును కోసి చూడడం కూడా పరీక్షలో భాగం కావాలి.

ఆయిల్ తీర్చలేని లోపాలు కూడా ఉన్నాయి. దీర్ఘమైన మలుపులో ఆయిల్ ఒక పక్కకు ఒరిగి పంపు గాలిని పీలిస్తే ఏ తరగతి ఆయిల్ అయినా నిరుపయోగమే. అక్కడ కావలసినవి సరైన ఆయిల్ మట్టం, సంపులో అడ్డుపలకలు, లేదా డ్రై సంప్ వ్యవస్థ.

10. ముగింపు

ఆయిల్ ఎంపికలో “అన్నిటికంటే మంచిది” అన్న మాటకు అర్థం లేదు. “ఈ ఇంజన్‌కు, ఈ వాడకానికి, ఈ ఉష్ణోగ్రతకు తగినది” అన్న మాటకే అర్థం ఉంది. స్నిగ్ధత పెంచితే వేడిలో పొర నిలుస్తుంది, చలిలో ప్రవాహం తగ్గుతుంది. భాస్వరం పెంచితే కామ్ షాఫ్టు నిలుస్తుంది, ఉత్ప్రేరకం దెబ్బతింటుంది. పాలిమర్ పెంచితే పరిధి విస్తరిస్తుంది, మన్నిక తగ్గుతుంది. ప్రతి మేలుకూ ఒక మూల్యం ఉంది. ఏ మూల్యం చెల్లించడానికి ఇంజన్ సిద్ధంగా ఉందో తెలుసుకోవడమే ఎంపిక.

తరగతి సంఖ్య ఆ నిర్ణయానికి ప్రవేశద్వారం మాత్రమే. హెచ్.టి.హెచ్.ఎస్. విలువ, తయారీదారు ఆమోదం, ఉష్ణోగ్రత కొలత, వాడిన ఆయిల్ పరీక్ష అనే నాలుగూ కలిసినప్పుడే నిర్ణయం పూర్తవుతుంది. ఇంజనీరింగ్ బోధనలో రెనాల్డ్స్ సమీకరణాన్ని బోర్డు మీద వదిలివేయక, ఒక ఆయిల్ డబ్బా వెనుక భాగాన్ని చదివించే అభ్యాసంతో జోడిస్తే విద్యార్థికి సిద్ధాంతం, వ్యవహారం రెండూ ఒకేసారి పట్టుబడతాయి.